వెతకక్కర్లేని మాటలు

ఒంటివేలితో టైపు చేసేవాళ్ళంటే తబితకి ఒళ్ళుమంట. బుధవారం ఉదయం పాలకొల్లు ఆఫీసు నుంచి ఫోన్ చేసిన సీనియర్ అసిస్టెంట్ వెంకటరమణ అలాంటివాడే. ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతుంటే కీబోర్డు చప్పుడు ఫోన్లో వినిపిస్తోంది. టక్కుమని ఒకటి, చాలాసేపు నిశ్శబ్దం, మళ్ళీ టక్కు.

"ఉప్పునీళ్ళు అని కొట్టానండి, సున్నా అంటోంది. ఉప్పు వేరే, నీరు వేరే కొట్టానండి, సున్నాయే. మొగలిదొడ్డి డ్రెయిను అని కొడితే..."

"సున్నా," అంది తబిత.

"అవునండి! మీక్కూడా అక్కడ కనిపిస్తోందాండి?"

ఆ అమాయకత్వానికి నవ్వు కూడా రాలేదామెకి. "స్పెల్లింగ్ చూసుకోండి వెంకటరమణ గారూ. ళకి ళ వత్తు ఇచ్చారా, ల వత్తు ఇచ్చారా?"

"రెండూ ఇచ్చి చూశానండి. అది కాదు మేడమ్ గారూ, ఆవిడ అర్జీలు పెట్టిందండి. జ్ఞానమ్మ గారని, మొగలిదొడ్డి కూలిపేట ఆవిడ. తొమ్మిదేళ్ళ నుంచీ నెలకో రెణ్ణెల్లకో ఓ సోమవారం వస్తూనే ఉంది. రిసీటు చింపి ఇచ్చిందే నేను. వచ్చే సోమవారం హియరింగు పెట్టారు. రిసీట్లు తెమ్మంటే తెచ్చిందండి పాపం. అవి బస్సు టికెట్టులాంటి కాగితాలు కదండీ, అక్షరాలన్నీ వెలిసిపోయి తెల్లగా కూర్చున్నాయి. కంప్యూటరేమో అసలావిడ ఎప్పుడూ రాలేదంటోంది."

"చూసి చెప్తాను."

"ఉంటానండి" అని ఆయన పూర్తిగా అనేలోపే ఫోన్ పెట్టేసింది.

రాజమండ్రి దానవాయిపేటలో మూడో అంతస్తులో ఉంటుంది ఆ కంపెనీ. చుట్టుపక్కల పద్నాలుగు ప్రభుత్వ ఆఫీసుల కాగితాలు పదకొండేళ్ళుగా అక్కడికే వస్తున్నాయి. అర్జీలు, ఫైళ్ళు, రిపోర్టులు, ఉత్తరాలు, అన్నీ కలిపి రెండు కోట్ల పేజీలు. ఫొటో తీసి, టైపు చేయించి, భద్రంగా దాచి, అడిగిన కాగితం అడిగిన క్షణంలో వెతికివ్వడం కంపెనీ పని. ఆ దాచే యంత్రాలూ వెతికే యంత్రాలూ తబిత చేతిలో ఉంటాయి. ఆమె కాకుండా అక్కడ ఇరవైమంది పనిచేస్తారు. ఆమె లెక్కలో వాళ్ళలో ఒక్కరికీ పని రాదు. తనకన్నా తక్కువ తెలిసినవాళ్ళకి రోజుకి నాలుగుసార్లు ఓపిగ్గా చెప్పీ చెప్పీ ఆమె కింది పెదవి ఒక పక్కకి వంపు తిరిగి అలాగే ఉండిపోయింది. ఇంట్లో అన్నం వడ్డిస్తున్నప్పుడు కూడా అలాగే ఉంటుందని భర్త ప్రేమ్ కుమార్ ఒకసారి అన్నాడు. స్కూలు టీచరుకి అంతకన్నా ఏం కనిపిస్తుందిలే అనుకుందామె.

వెంకటరమణ కొట్టిన మాటలు తనూ కొట్టి చూసింది. సున్నా. వెతుకుడు పెట్టెను వదిలేసి, యంత్రంలో కాగితాల ఫొటోలు దాచిన అరలోకి నేరుగా వెళ్ళింది. పాలకొల్లు ఆఫీసు, ఆరేళ్ళ కిందటి ఒక వేసవి, రెండు సోమవారాల్లో లేదు, మూడో సోమవారం. ఆ రోజు అర్జీలు నలభై రెండు. ఒక్కొక్కటే తెరుస్తూ పోయింది. పందొమ్మిదోది గీతల కాగితం మీద నీలం సిరాతో, ఎవరో చదువుకునే పిల్ల చేత రాయించినట్టున్న గుండ్రటి అక్షరాలు. రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు డ్రెయినులోకి వదులుతున్నారని ఉంది. కింద ఎడమచేతి బొటనవేలి ముద్ర. పక్కన "మొగలిదొడ్డి, ముక్కామల జ్ఞానమ్మ" అని ఉంది.

అంటే కాగితం ఉంది. వెతికితే రావడం లేదు, అంతే. ఎందుకు రావడం లేదో ఆలోచించడానికి తబితకి అరనిమిషం కూడా పట్టలేదు.

రెండేళ్ళ కిందట, మాటతో వెతికే ఏర్పాటు మొదటిసారి పెట్టినప్పుడు తానే రాసిన ప్లాను తెరిచింది. "సెర్చ్ ఇండెక్స్ స్టోరేజ్ ప్లాన్, మూడోసారి సవరించినది."

పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక ఉంటుంది కదా, ఇండెక్స్ అంటే అదే. కాకపోతే ఇక్కడ పుస్తకం రెండు కోట్ల పేజీలు, పట్టికలో ప్రతి మాటా ఉండాలి. పైగా తెలుగు మాట ఒక్కచోట నిలవదు. కాలువ అని వెతికినవాడికి కాలువలోకి, కాలువగట్టున, పంటకాలువలు అన్నీ దొరకాలి. అంటే మాటను ముక్కలు ముక్కలు చేసి ప్రతి ముక్కకీ పట్టికలో చోటివ్వాలి. అసలు పాఠం తొంభై జీబీ ఉంటే పట్టిక మూడు వందలవుతుంది. పాతదాన్ని తీసెయ్యకుండా పక్కనే కొత్తది కట్టుకోవడానికి మరో మూడు వందలు ఖాళీ ఉండాలి. ఏటా వచ్చే కొత్త కాగితాలకి ఇంకో రెండు వందలు. మొత్తం ఎనిమిది వందలు. మొదటి ప్లానులో తబిత ఇదంతా వివరంగా రాసింది.

"పుస్తకానికి పట్టిక రెండు పేజీలుంటుంది కదండీ తబిత గారూ," అన్నాడు ఆ రోజు యజమాని కార్తీక్. భీమవరం నుంచి వచ్చి కంపెనీ పెట్టిన ముప్పై మూడేళ్ళవాడు. మర్యాదకి లోటుండదు. "మీరేంటి, పుస్తకం కన్నా మూడింతల పట్టిక అంటారు? రెండు వందల యాభై ఇస్తాను, అందులో సర్దేయండి. మీరు సర్దగలరు."

మూర్ఖుడు అనుకుంది ఆమె. అనుకుని సర్దింది. సర్దడంలో తనని మించినవాళ్ళు లేరని చూపించాలనిపించింది. మూడోసారి సవరించిన ప్లానులో ఆ సర్దుబాటు ఒక్క వరుసలో ఉంది, ఆమె మాటల్లోనే.

"వివరం గడి: ఇండెక్స్ చేయనక్కర్లేదు. ఎక్కువగా అనవసర పదాలు. విషయం గడి చాలు."

అర్జీ పాఠం, కింద పేరూ ఊరూ అన్నీ కొట్టేది వివరం గడిలోనే. విషయం గడిలో ఎంచుకోవడానికి పద్నాలుగు రకాలున్నాయి. పింఛను, రేషను కార్డు, సరిహద్దు తగాదా, ఇలా. మురుగుకాలువలోకి రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు వదలడం ఆ పద్నాలుగులో లేదు. కాబట్టి జ్ఞానమ్మ తొమ్మిదేళ్ళుగా పెట్టిన ప్రతి అర్జీ పద్నాలుగో రకంలో పడింది. ఇతరములు.

మధ్యాహ్నం కార్తీక్ గది తలుపు తీసుకుని వచ్చి, కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు. అడగాల్సింది చిన్నదైనప్పుడు అలా వస్తాడు.

"సోమవారం పాలకొల్లులో ఏదో హియరింగ్ ఉందటండి. ఫిర్యాదులేమీ లేవని మన సైడు నుంచి ఒక సర్టిఫికెట్ కావాలట. పూర్తి ఆర్కైవ్‌లో వెతకడమైనది, ఎటువంటి ఫిర్యాదూ కనబడలేదు, అని రెండు ముక్కలు. టెక్నికల్ హెడ్‌గా మీ సంతకం ఉంటే సరిపోతుంది."

"ఎవరి చెరువులండి?"

"జగన్నాథరాజు గారివండి. మా మామయ్య గారే లెండి. ఇంకో ఎనభై ఎకరాలు తవ్వుతున్నారు. ఆ ఊళ్ళో ఇన్నాళ్ళూ ఒక్క కంప్లయింట్ లేదు, ఇప్పుడు పర్మిషన్ టైముకి ఎవరో లేపుతున్నారని ఆయన బాధ." కార్తీక్ నవ్వాడు. అందులో కల్మషం లేదు. నిజంగానే ఫిర్యాదు లేదనుకుంటున్నాడు. స్క్రీను మీద సున్నా ఉంది కదా.

ఆ నవ్వు చూసి తబితకి రోత పుట్టింది. మోసం చేసేవాణ్ణైనా కాస్త గౌరవించవచ్చు, వాడికి నిజం ఏంటో తెలిసి ఉంటుంది. ఇతనికి తెలుసుకోవాల్సిన అవసరమే ఎప్పుడూ రాలేదు.

"సోమవారం నేనే పట్టుకొస్తాను సర్," అంది.

"మీరే వస్తారా? ఇంకా మంచిది," అని లేచాడు. కుర్చీ మళ్ళీ దాని చోట పెట్టలేదు.

మర్నాడు ఆమె పాలకొల్లు వెళ్ళింది. గుడి వీధి సందులో చెప్పుల షాపు పైన రెండు గదుల్లో కంపెనీ తరఫున అర్జీలు టైపు చేసే సెంటరు ఉంది. అక్కడ రత్నమాణిక్యం అనే ఆవిడ పదకొండేళ్ళుగా ఒకే కుర్చీలో కూర్చుని పనిచేస్తోంది. యాభై దాటాయి. కుర్చీ మీద మడతపెట్టిన పాత దుప్పటి, స్క్రీనుకి అడ్డంగా అతికించిన గుడ్డపేలిక, ఎండ పడకుండా. ఈవిడ మీద తబిత ఇదివరకు రెండుసార్లు రిపోర్టు రాసింది. రోజుకి అందరూ నూటయాభై కాగితాలు కొడితే ఈవిడ తొంభై దాటదు. "అయ్యా మహాప్రభో" దగ్గర్నుంచి "తమ పాదాలకు నమస్కరిస్తూ" దాకా ఒక్క మాట వదలదు. ముఖ్యమైన రెండు వాక్యాలు కొట్టి పంపమని చెప్పినా వినదు. అంతటి బుర్ర లేదనుకునేది తబిత.

"మొగలిదొడ్డి జ్ఞానమ్మ గారివా అండి?" రత్నమాణిక్యం కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుంది. "అరవై పైనే కొట్టాను. చెప్పమంటే చాలామటుకు చెప్పేస్తాను."

"మరి విషయం దగ్గర ఇతరములు అని ఎందుకు పెట్టారు?"

"ఏది పెట్టమంటారండి? మీరిచ్చిన పద్నాలుగులో నీళ్ళున్నాయా? మీకే రెండుసార్లు మెయిలు పెట్టించానండి, నీళ్ళది ఒకటి చేర్చండి అని. జవాబు రాలేదు."

ఆ మెయిళ్ళు తబితకి గుర్తున్నాయి. రెండూ తెరవకుండానే పక్కకి తోసేసింది.

"వివరంలో అంత రాయడం ఎందుకండి? చిన్నదిగా కొట్టమని చెప్పాం కదా."

రత్నమాణిక్యం ఆమె మొహంలోకి తేరిపార చూసింది. కోపం లేదు, ఆశ్చర్యం. "ఆవిడ అలా చెప్పుకుందండి. పక్కన కూర్చోబెట్టుకుని ఎవరో పిల్ల చేత రాయించుకుంది. కోసెయ్యడానికి నేనెవర్నండి?" మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, పక్కనున్న కాగితాన్ని స్టాండుకి తగిలించుకుంది. "టీ తాగుతారా?"

తబిత వద్దంది. మెట్లు దిగుతూ, ఈ ఆడమనిషికి తను రాసిన రెండు రిపోర్టుల వల్ల ఏమైందో ఎప్పుడూ కనుక్కోలేదని గుర్తొచ్చింది. చెప్పుల షాపతను ఎవరికోసమని అడిగాడు. ఎవరికోసమూ కాదంది.

శుక్రవారం పొద్దున్నే ఆఫీసుకొచ్చి పని మొదలుపెట్టింది. మొగలిదొడ్డి కాగితాలు మాత్రమే ఏరుకోవాలంటే ఒక్క పూట పని. ఆ మాట తనకి తెలుసు. కానీ సంతకం అడుగుతున్నది పూర్తి ఆర్కైవ్ మీద. ఇతరములు అన్న గోనెసంచిలో ఇంకెంతమంది పడి ఉన్నారో ఆమెకే తెలియదు. విషయం గడి చాలు అని రాసిన మనిషికి ఆ మాట తెలియకపోవడం ఆమెకి కొత్తగా ఉంది. కట్టాలంటే మొత్తం పట్టిక కట్టాలి. చోటు?

చోటుంది. కార్తీక్ గది పక్కన చల్లటి అద్దాల గదిలో ఒక యంత్రం నిండా కొత్త వేగం డిస్కులున్నాయి. దాన్ని డెమో సర్వరు అంటారు. హైదరాబాదు నుంచి ఎవరైనా పెద్దమనుషులొస్తే చూపించడానికి. అందులో నిజమైన కాగితం ఒక్కటీ లేదు. లేని ఊళ్ళ నుంచి, లేని మనుషులు పెట్టుకున్న లక్ష అర్జీలున్నాయి, అన్నీ అచ్చుతప్పులు లేకుండా తయారుచేసినవి. వాటికి ప్రతి మాటకీ పట్టిక ఉంది. ఏ మాట కొట్టినా కళ్ళు ఆర్పేలోపు దొరుకుతుంది. వచ్చినవాళ్ళు "అబ్బో" అంటారు. లేనివాళ్ళ గోడు వెతకడానికి వెయ్యి జీబీ, ఉన్నవాళ్ళ గోడుకి రెండు వందల యాభై. ఈ ఏర్పాటు చేసింది కార్తీకే గాని, డిస్కులు బిగించి, లక్ష అర్జీలు తయారుచేసి, వేగం చూపించి మెప్పు పొందింది తబితే.

డెమో మొత్తం చెరిపేసింది. నిజంగా చెరపమంటారా అని యంత్రం రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునంది. ఆ తర్వాత వివరం గడికి ఎదురుగా ఉన్న "వద్దు" అన్న గుర్తు తీసేసి, పాలకొల్లు ఆఫీసుని వరుసలో ముందు పెట్టి, పట్టిక కట్టమని ఆజ్ఞ ఇచ్చింది. స్క్రీను మీద అంకెలు మొదలయ్యాయి. రెండు కోట్లలో పన్నెండు వేలు. రెండు కోట్లలో ఇరవై ఆరు వేలు.

భోజనాల వేళకి మధ్య మధ్య వెతికి చూడసాగింది. ఉప్పునీళ్ళు అని కొడితే నాలుగు. సాయంత్రానికి పదిహేడు. పేరు పక్కన తేదీ, తేదీ పక్కన రత్నమాణిక్యం కొట్టిన పాఠం. మొదట పై వరుస మాత్రమే చూసి వదిలేసింది. పదో కాగితం దగ్గర చదవడం మొదలుపెట్టింది.

శనివారమూ ఆఫీసుకొచ్చింది. ఆదివారం కొవ్వూరు చర్చిలో ఆరాధన ముగియగానే పాట పుస్తకం ప్రేమ్ కుమార్ చేతిలో పెట్టి, వంతెన దాటి రాజమండ్రి వెళ్ళే బస్సెక్కింది. పట్టిక ముప్పావువంతు పైగా అయింది. పాలకొల్లుది పూర్తయింది. ఉప్పునీళ్ళు, ఉప్పునీటి, ఉప్పెక్కిన, ఉప్పగా, అన్ని రూపాల్లోనూ, పేరుతోనూ వెతికితే జ్ఞానమ్మవి అరవై మూడు. అదే ఊరి నుంచి ఇంకా పదకొండుమందివి నూటనలభై. మిగతా ఊళ్ళవి లెక్క చూడబోయి ఆగిపోయింది. ఆ అంకె చూస్తే ఇవాళ ఇంటికి వెళ్ళలేననిపించింది.

అరవై మూడూ అచ్చు తీసింది. అచ్చు యంత్రం పక్కనే నిలబడి, వెచ్చగా వచ్చే ఒక్కో కాగితాన్నీ అందుకుంది.

సోమవారం పాలకొల్లు ఆఫీసు హాలు నిండింది. ముందు వరసలో జగన్నాథరాజు కూర్చున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చెదరని తెల్లబట్టలు, ఎవరు కనబడినా ముందు తనే నమస్కారం పెట్టే మనిషి. పక్కన కార్తీక్. వెనక, కుర్చీలు చాలక గోడవార నిలబడి, మొగలిదొడ్డి ఆడవాళ్ళు ఎనిమిదిమంది. వాళ్ళలో పొట్టిగా, మోకాళ్ళు వంగిపోయి, రెండు చేతులతో కర్ర పట్టుకున్నావిడే జ్ఞానమ్మ అని తబితకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అరవై మూడు అర్జీలు చదివాక ఆ మోకాళ్ళ గురించి కూడా తెలుసు.

అధికారి ఫైలు తిప్పాడు. "ఈ ఊరి నుంచి డ్రెయిను విషయంలో గతంలో ఫిర్యాదులు లేవని ఆఫీసు నోటు ఉంది. సర్టిఫికెట్ తెచ్చారా?"

తబిత లేచి కాగితాల కట్ట బల్ల మీద పెట్టింది. "సర్టిఫికెట్ కాదండి. ఫిర్యాదులు తెచ్చాను. అరవై మూడు. మొదటిది తొమ్మిదేళ్ళ కిందటిది."

వెంకటరమణ తన బల్ల దగ్గర్నుంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. జగన్నాథరాజు మేనల్లుడి వైపు తిరిగాడు. కార్తీక్ మెడ ఎర్రబడింది.

"టెక్నికల్ ఇష్యూ అయి ఉంటుందండి," అన్నాడు లేచి నిలబడి. "పాత డేటా కదండీ, ఒక్కోసారి సెర్చ్‌లో రాదు. మా టీమ్ సరిచేసింది." చెప్పాక తబిత వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. నీకు కూడా ఇదే మంచిది అన్నట్టుంది. అది నిజమే. ఆ మాట మీద నిలబడితే హాల్లో ఉన్నవాళ్ళందరి దృష్టిలోనూ పోయిన కాగితాలు వెతికి తెచ్చిన మనిషి తబితే.

అధికారి తలూపాడు. "సరే, ఏదైతేనేం దొరికాయి. నోటులో ఆ వాక్యం కొట్టెయ్యండి వెంకటరమణ గారూ. ఇవి రికార్డులో పెట్టండి. హియరింగ్ వాయిదా వేస్తున్నాం, నీళ్ళ శాంపిళ్ళు తీయించాక చూద్దాం. ఏమ్మా జ్ఞానమ్మా, మీ అర్జీలు దొరికాయి. సంతోషమేనా?"

జ్ఞానమ్మ కర్ర తాటించుకుంటూ బల్ల దాకా వచ్చింది. కాగితాల కట్టను తాకలేదు. తబిత వైపు తిరిగింది.

"ఎక్కడ దొరికాయమ్మా?"

"మా దగ్గరేనండి. రాజమండ్రిలో. ఎక్కడికీ పోలేదు." ఆ మాట అంటున్నప్పుడు తబిత గొంతులో, ఆమెకి తెలియకుండానే, కాస్త గర్వం పలికింది. పదకొండేళ్ళలో రెండు కోట్ల పేజీల్లో ఒక్కటి కూడా పోగొట్టలేదన్నది ఆమె జీవితంలో గట్టిగా చెప్పుకోగలిగిన మాట. "ఒక్క కాగితం కూడా పోలేదండి."

"ఒక్కటీ పోలేదా?"

"పోలేదండి. అన్నీ మీరు చెప్పినట్టే, మాట పొల్లుపోకుండా ఉన్నాయి."

జ్ఞానమ్మ బల్ల మీది కట్ట వైపు చూసింది. "మరి కనపడలేదన్నారే?"

కార్తీక్ మళ్ళీ "టెక్నికల్..." అనబోయాడు.

"కనపడకుండా చేసింది నేనండి," అంది తబిత. "యంత్రంలో చోటు తక్కువిచ్చారు. దేన్ని వెతకనివ్వాలి, దేన్ని వద్దు అని తేల్చాల్సి వచ్చింది. అర్జీలో మీరు చెప్పుకున్న మాటలు వెతకక్కర్లేదని నేనే తీసేశాను. అనవసరం అని రాశాను. యంత్రం తప్పేమీ లేదు."

అధికారి కలం మూత పెట్టబోతున్నవాడు పెట్టలేదు. జగన్నాథరాజు కిందికి చూశాడు. వెనక నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకరు "ఏమంటంది?" అని అడిగితే ఇంకొకరు "తెలిసే మూసి పెట్టారంట" అన్నారు.

తబిత ఏదో ఒకటి కోసం ఎదురుచూసింది. తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది. ఇంత నిజం చెప్పినందుకు, మూడు రోజులు కూర్చుని పట్టిక కట్టినందుకు, ఉద్యోగం పోయే పని చేసినందుకు, చివరికి పోనీలేమ్మా అంటుందేమోనని కూడా ఎక్కడో ఆశపడింది.

"మేం పోయాయనుకున్నామమ్మా," అంది జ్ఞానమ్మ. కోపంగా కాదు. అర్థం కాని పిల్లకి చెప్పినట్టు నిదానంగా చెప్పింది. "ఎవరో చెత్తబుట్టలో పడేసుంటారు, చింపుంటారు, ఎలకలు కొట్టేసుంటాయి అనుకునేవాళ్ళం. అలా అనుకుంటే కోపం రాదు. పోయింది కదా, మళ్ళీ రాయిద్దాం అనుకునేవాళ్ళం. అందుకే అన్నిసార్లు వచ్చాం. పనీపాటా మానుకుని, రెండు బస్సులు మారి వచ్చేవాళ్ళం." వెనకున్న ఆడవాళ్ళ వైపు చూసి, మళ్ళీ తబిత వైపు తిరిగింది. "అన్నీ దాచుకునే కూర్చున్నారా? తొమ్మిదేళ్ళూ?"

జ్ఞానమ్మ ఆమెని చూసింది. పాదాల దగ్గర్నుంచి మొదలుపెట్టి మొహం దాకా, తీరిగ్గా. పనిరాని వస్తువుని అటూ ఇటూ తిప్పి చూసి, దీన్నెవరు కొన్నారా అనుకునేవాళ్ళు చూసినట్టు చూసింది. తన మీద ఎవరైనా అలా చూపు నిలపడం తబితకి ఎరుకలో లేదు. పెదవి కదపబోయింది. ఏ పక్కకి కదపాలో తెలియలేదు.

"మీదే ఊరమ్మా?"

"కొవ్వూరండి."

"చదువుకున్నావుగా."

"చదువుకున్నానండి."

"అయితే చదువు." బల్ల మీది కట్ట వైపు కర్ర చూపించింది. "నాకు చదువు రాదు. ఏం రాయించానో సగం మరిచిపోయాను. ఈ అయ్యగారూ విన్లేదు, ఆ రాజుగారూ విన్లేదు. మొదట్నించీ చదువు."

అధికారి గడియారం చూసుకున్నాడు. "ఇవన్నీ రికార్డులో ఉంటాయమ్మా. ఇప్పుడు అన్నీ చదవాలంటే..."

"రికార్డులో ఉంటే ఏమవుద్దో ఇప్పుడే కదయ్యా ఈ అమ్మాయి చెప్పింది," అంది జ్ఞానమ్మ.

వెంకటరమణ లేచి తన కుర్చీ తెచ్చి జ్ఞానమ్మ వెనక వేశాడు. ఆవిడ కూర్చుంది. గోడవారనున్న ఆడవాళ్ళు నాలుగడుగులు ముందుకొచ్చి, ఆవిడ చుట్టూ నిలబడ్డారు. తబితకి ఎవరూ కుర్చీ వెయ్యలేదు.

పై కాగితం తీసింది. "అయ్యా, మహాప్రభో," అని మొదలుపెట్టింది. "మాది మొగలిదొడ్డి కూలిపేట. మా మురుగు డ్రెయినులోకి రాజుగారి రొయ్యల చెరువుల నీళ్ళు వదులుతున్నారు. మా మంచినీళ్ళ చెరువు ఉప్పయిపోయింది. బిందె అడుగున తెల్లగా గారకడుతోంది. ఒకసారి వచ్చి తాగి చూడండి. తమ పాదాలకు నమస్కరిస్తూ."

రెండోది చదివింది. మూడోది చదివింది. ఏడో దాంట్లో వరి పొట్టకొచ్చి ఎండిపోయింది. పన్నెండో దాంట్లో మంచినీళ్ళ కోసం కిలోమీటరున్నర నడుస్తున్నామని, మోకాళ్ళు పనిచేయడం లేదని ఉంది. పందొమ్మిది చదువుతుంటే నోరు ఎండిపోయింది. ఎవరూ నీళ్ళివ్వలేదు, ఆమె అడగలేదు. కార్తీక్ ఫోన్ మోగింది, బయటికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. జగన్నాథరాజు లేవలేకపోయాడు. లేవాలంటే ఆ ఆడవాళ్ళ మధ్య నుంచి దారి అడగాలి.

ఇరవై నాలుగో దాంట్లో రెండే వాక్యాలున్నాయి. ఆదివారం నాడు అచ్చు యంత్రం దగ్గర నిలబడి చదివింది దీన్ని.

"అయ్యా, ఈసారి ఏం రాయించాలో తెలియడం లేదు. మీకు వినపడాలంటే ఏ మాటలు రాయించాలో చెప్పండి, ఆ మాటలే రాయిస్తాము."

అధికారి కలం తీసి, ఎదురుగా ఉన్న తెల్లకాగితం మీద మొదటిసారిగా ఏదో రాసుకున్నాడు. జ్ఞానమ్మ అటు చూడలేదు. కర్ర మీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని వింటోంది.

"ఆగావేం?" అంది. "ఇంకా ఉన్నాయిగా."

తబిత ఇరవై ఐదో కాగితం తీసింది.